గూడబాతుల వేగం

కొల్లేరు పొంగి కైకలూరు చుట్టుపక్కల ఊళ్ళను ముంచిన ఏడు, అక్టోబరులో ఒక శనివారం పొద్దున, ఇందుజ ఫోన్‌కి తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. స్టీలు పళ్ళెంలో పక్కపక్కనే పెట్టిన రెండు నల్లటి ఫ్లాపీలు. ఒకదాని మీద నీలం ఇంకుతో "కొల్లేరు, ఆట" అనీ, రెండోదాని మీద "కొల్లేరు, ప్రోగ్రాం" అనీ రాసి ఉంది. ఆ చేతిరాత తనదేనని గుర్తుపట్టడానికి ఇందుజకి ఒక్క క్షణం పట్టింది.

ఫొటో కింద ఒకటే ముక్క: "ఇవి తడవలేదు. సువర్ణ."

ఇందుజ తాడేపల్లిగూడెంలో హైస్కూలు లెక్కల టీచరు. నలభై ఏడేళ్ళు. సువర్ణతో మాట్లాడి ఇరవై ఆరేళ్ళయింది.

అప్పట్లో ఇద్దరూ ఏలూరు పవర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చదివేవారు. ఇందుజ పౌరోహిత్యం చేసుకునే ఇంటి పిల్ల; రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేది. సువర్ణది కొల్లేటి లంకలో చేపలు పట్టుకునే క్రైస్తవ కుటుంబం; ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. కంప్యూటర్లు తక్కువ, విద్యార్థులు ఎక్కువ కాబట్టి ఒక్కో మిషన్ ముందు ఇద్దరేసి కూర్చోవాలి. అలా కూర్చోబెట్టినవాళ్ళు ఎనిమిది నెలల్లో పాస్కల్ భాషలో ఒక ఆట రాశారు. చేపల దోనె ఒకటి నీటి మీద పేరుకున్న గుర్రపుడెక్కని తప్పించుకుంటూ కొల్లేరు దాటాలి. పైనుంచి గూడబాతులు దిగి చేపలు ఎత్తుకుపోతుంటాయి, వాటిని అదిలించాలి. దోనె, నీళ్ళు, డెక్క ఇందుజ రాసింది. పక్షులన్నీ సువర్ణ రాసింది.

ఆ ఆట హైదరాబాదులో ఒక పోటీకి వెళ్ళింది. రెండో బహుమతి వచ్చింది. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది. ఫొటోలో ఇందుజ ఒక్కతే ఉంది. పేరు కూడా ఒక్కటే ఉంది. సువర్ణ ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కి ఒక్కసారే వచ్చింది, తన సామాను తీసుకుపోవడానికి. ఆ రోజు ఇందుజ అక్కడ లేదు.

ఆ సంగతి ఎప్పుడు ఎవరు కదిపినా ఇందుజ ఒకటే చెప్పేది: సువర్ణ పేరు ఇన్‌స్టిట్యూట్ యజమాని తీయించేశాడు, తను అడ్డుచెప్పలేకపోయింది. పెళ్ళయ్యాక భర్తకీ అదే చెప్పింది. తనకి తాను చెప్పుకున్నదీ అదే.

మధ్యాహ్నం దాకా ఆగి, ఆ నంబరుకి ఫోన్ చేసింది.

"బాగున్నారాండీ ఇందుజగారూ?" అంది అవతలి గొంతు.

గారు అనడం ఎక్కడో తగిలింది. "బాగున్నాను. మీరూ?" అంది ఇందుజ.

"నీళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయండీ. అటక మీద చెమ్మెక్కిన సామానంతా తీసి ఆరబెడుతుంటే కనపడ్డాయి ఇవి. అప్పట్లో ఎజ్రాగారు ఇచ్చారు నాకు. మా ఇంట్లో వేసి చూసుకునే మిషన్ ఎప్పుడూ లేదు. ఒక్కసారి ఆ ఆట ఆడాలనుందండీ. అంతే. మీకేమైనా దారి తెలుస్తుందేమోనని."

"తెలుసుకుంటాను," అంది ఇందుజ.

నిజానికి ఆ దారి ఇందుజకి కొంత తెలుసు. పాత కంప్యూటర్లు కూడగట్టి వాటి మీద పాత ఆటలు ఆడేవాళ్ళ వీడియోలు రెండేళ్ళుగా చూస్తోంది. తనకీ అలాంటిదొకటి కట్టుకోవాలని ఉండేది. కట్టడానికి ఒక కారణం దొరకలేదు, అంతే.

మర్నాడు ఆదివారం ఏలూరు బండెక్కింది.

ఎజ్రాగారు ఆ రోజుల్లో వాళ్ళ ల్యాబ్ చూసుకునేవాడు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక పారేస్తున్న మిషన్లన్నీ తెచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ప్రింటర్లూ యూపీఎస్‌లూ బాగుచేస్తుంటాడు. ఆ పాత సామాను ఎప్పుడు తీసేస్తారని కోడలు అడుగుతూనే ఉంటుంది. తీసేస్తానమ్మా అని ఆయన చెబుతూనే ఉంటాడు.

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా ఇంకా మార్చలేదు. ఫోన్‌లో ఫొటో చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇవి నేనిచ్చినవేనమ్మా. లేబుల్ నువ్వు రాశావు," అన్నాడు. "ఒక సంగతి చెప్పు సువర్ణమ్మకి. వాటిని ఎక్కడా పెట్టి చూడొద్దని. లోపల బూజు పట్టుంటే ఒక్కసారే చదువుతాయి. రెండోసారికి పూతంతా గీరుకుపోతుంది. మిషన్ సిద్ధమయ్యాకే పెట్టాలి."

"ఏ మిషన్ కడదామంటారు?"

"మీ ఇష్టం. నా దగ్గర ఫోర్ ఎయిటీ సిక్స్ నుంచి పెంటియం ఫోర్ దాకా ఉన్నాయి."

ఇందుజ ఆలోచించుకునే వచ్చింది. పెంటియం త్రీ. అందులో పాత సౌండ్ కార్డులు పెట్టుకునే స్లాట్లూ ఉంటాయి, తర్వాత వచ్చిన గ్రాఫిక్స్ కార్డులకి చోటూ ఉంటుంది. డాస్ ఆటలు మొదలుకుని విండోస్ తొంభై ఎనిమిది ఆటల వరకూ ఒకే మిషన్ మీద ఆడొచ్చు. వీడియోల్లో చెప్పేవాళ్ళలో సగం మంది అదే కట్టమన్నారు.

"ఎనిమిది వందల మెగాహెర్ట్జ్‌ది ఉందమ్మా. గుర్రంలా పరిగెడుతుంది," అన్నాడు ఎజ్రాగారు. "మీ ఆటకి అంత పరుగు కావాలా అన్నదే అనుమానం."

"వేగంగా ఉంటే నష్టమేముందండీ?"

ఆయన బోర్డు కోసం అట్టపెట్టెలు వెతకడం మొదలుపెట్టాడు.

నవంబరులో రెండో శనివారం ముగ్గురూ ఆ షెడ్డులో కలిశారు. సువర్ణ కైకలూరు నుంచి పొద్దున్న బస్సుకి వచ్చింది. ఇందుజ ఊహలో ఉన్నది రెండు జడల పిల్ల. వచ్చినావిడ జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎండకి కమిలిన చేతులతో, భుజాన రొయ్యల మేత సంచీ గుడ్డతో కుట్టిన బ్యాగుతో ఉంది. భర్త పోయాక మేతల దుకాణం తనే నడుపుతోందట. ఇద్దరూ నమస్కారాలు పెట్టుకున్నారు. ఒకరినొకరు అండీ అనుకున్నారు. ఎజ్రాగారి కోడలు టీ ఇచ్చింది.

సువర్ణ బ్యాగులోంచి ఫ్లాపీలు తీసింది. ఎజ్రాగారు మొదటిదాని రేకు పక్కకి జరిపి, వెలుతురుకి పెట్టి చూసి, డ్రైవులోకి తోశాడు. అది గరగరమని కాసేపు తిరిగింది. ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. ఫైళ్ళు హార్డ్‌డిస్కులోకి వచ్చేశాయి. రెండోది, ప్రోగ్రాం రాసుకున్నది, మొదటి వరసలోనే ఆగిపోయింది. మళ్ళీ పెట్టినా గీరుకుపోయిన చప్పుడే తప్ప ఇంకేమీ రాలేదు.

"ఆట వచ్చింది. రాసిన కాగితం పోయింది, అనుకోండమ్మా," అన్నాడాయన.

"ఆట చాలండీ," అంది సువర్ణ.

ఇందుజ ఆట పేరు టైపు చేసి ఎంటర్ కొట్టింది. తెర నల్లబడి, వెంటనే మామూలైపోయింది. ఒకే ఒక్క వరస కనిపించింది: రన్‌టైమ్ ఎర్రర్ 200.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

ఇందుజ ఫోన్‌లో వెతికితే ఆ తప్పు గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. చదువుతూ పైకి చెప్పింది. ఆ కాలపు పాస్కల్ ప్రోగ్రాములు మొదలవగానే మిషన్ ఎంత వేగమో ఒకసారి లెక్కపెట్టుకుంటాయి. ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగడానికి ఆ లెక్క కావాలి. మిషన్ మరీ వేగమైతే వచ్చే అంకె, దాని కోసం ఉంచిన చోటులో పట్టదు. పట్టక ప్రోగ్రాం ఆగిపోతుంది.

"రెండు బైట్ల చోటు కదండీ. అరవై ఐదు వేల ఐదువందల ముప్పై ఐదు దాటితే పట్టదు," అంది సువర్ణ వెంటనే.

ఇందుజ తలెత్తి చూసింది. ఇరవై ఆరేళ్ళుగా మేత బస్తాల మధ్య ఉన్న మనిషి.

"దీనికి మందు కూడా ఉందిలెండి," అంది ఇందుజ. "ఆ తప్పు రాకుండా ఫైలుకి అతుకు వేసే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. అది వేస్తే ఈ మిషన్ మీదే ఆడుతుంది."

"పక్షులో?"

"పక్షులకేంటి?"

"మీ దోనెకి మీరు ఆ ఆగమనే కమాండ్, డిలే, వాడారు. నా పక్షులకి నేను వాడలేదు. ఖాళీ లూపులు తిప్పాను, ఊరికే లెక్కపెట్టిస్తూ. మిషన్ ఎంత వేగమైతే అవీ అంత వేగం. ఈ మిషన్ మీద రెప్ప వేసేలోగా తెర దాటేస్తాయి."

"పోనీ లాప్‌టాప్‌లో చూద్దాం. పాత మిషన్‌లా నడిపించే ప్రోగ్రాములున్నాయి. వేగం ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు."

"ఎంత పెట్టాలో ఎవరు చెప్తారు? మీకు గుర్తుందా? నాకైతే లేదు." సువర్ణ స్టూలు దగ్గరకి లాక్కుంది. "ఎజ్రాగారూ, ఇంకేమున్నాయండీ పాతవి?"

ఆయన బల్ల మీద మూడు బోర్డులు పరిచాడు. మొదటిది వాళ్ళు అప్పట్లో వాడిన రకమే, ఫోర్ ఎయిటీ సిక్స్. దాని మీది బ్యాటరీ ఎప్పుడో కారి, సన్నటి రాగి గీతల మీదుగా పచ్చటి చిలుము పాకిపోయింది. తుడిచి అతుకులు వేయొచ్చుగానీ, ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేనన్నాడు. రెండోది నాలుగు వందల మెగాహెర్ట్జ్‌ది. దాని మీదా అదే ఎర్రర్ వస్తుంది. మూడోది పెంటియం, నూట ముప్పై మూడు.

"దీనిలో ఒక సుఖం ఉందమ్మా," అన్నాడు మూడోదాన్ని చేతిలోకి తీసుకుని. "ఇదిగో ఈ పిన్నుల మీద చిన్న ప్లాస్టిక్ టోపీలున్నాయి చూడండి, జంపర్లు. వీటిని మార్చి పెట్టుకుంటే ఇదే ప్రాసెసర్ నూట ముప్పై మూడులోనూ నడుస్తుంది, వందలోనూ నడుస్తుంది, డెబ్బై ఐదుకి కూడా దిగుతుంది."

"దీని మీద తర్వాతి కాలం ఆటలు ఆడవు కదండీ," అంది ఇందుజ. "కట్టేదేదో అన్నీ ఆడేది కట్టుకుంటే..."

"అన్నీ ఆడేది తర్వాత నువ్వు కట్టుకో. నాకు ఈ ఒక్క ఆట ఆడేది కావాలి."

అన్నాక సువర్ణకి తన నోట్లోంచి వచ్చిన నువ్వు వినపడింది. ఇందుజకీ వినపడింది. ఇద్దరూ దిద్దుకోలేదు.

"సరే, ఇదే పెట్టండి," అంది ఇందుజ.

బోర్డు బిగించి, వైర్లు తగిలించి, ఫైళ్ళు ఎక్కించేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా ఎజ్రాగారి కోడలు అన్నం తినే కదలాలని పట్టుబట్టింది. తిని వచ్చి కూర్చున్నారు. ముందు ఉన్న వేగంలోనే చూద్దామన్నాడు ఆయన. ఈసారి సువర్ణ ఎంటర్ కొట్టింది.

ఎర్రర్ రాలేదు. నీలం తెర మీద చుక్కచుక్కలుగా నీళ్ళు కదిలాయి. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో కొల్లేరు అని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో రచన అని, పక్కనే కె. ఇందుజ అని వచ్చింది. ఆ తర్వాత ఇంకో పేరేమీ రాలేదు.

"రెండో పేరు ఇన్‌స్టిట్యూట్ సార్ తీయించేశారు," అంది ఇందుజ. ఆ మాట ఎన్నో ఏళ్ళుగా నోటికి అలవాటైన మాట. దానంతటదే వచ్చేసింది.

సువర్ణ తెర వైపు ఇంకొంచెంసేపు చూసింది. ఏ మీటా నొక్కలేదు. లేచి ఖాళీ టీ గ్లాసులు గుమ్మం దగ్గర పెట్టింది. "రెండున్నర బస్సు పోతే మళ్ళీ చీకటి పడుతుందండీ. వస్తాను," అంది. ఎజ్రాగారికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఫ్లాపీలు బల్ల మీదే ఉండిపోయాయి.

ఇందుజ ఆటలోంచి బయటికి వచ్చి, ఏం చేయాలో తోచక, ఫైళ్ళ జాబితా తెరిచింది. ఆట ఫైలు పక్కన తేదీ ఉంది. తొంభై ఎనిమిది, మార్చి పదిహేను, సాయంత్రం నాలుగు నలభై రెండు. లెక్కల టీచరుకి వారం కట్టుకోవడం ఎంతసేపు. మనసులోనే కట్టుకుంది. ఆదివారం.

ఆదివారం ఇన్‌స్టిట్యూట్ ఉండదు. యజమాని ఆదివారాలు విజయవాడలో ఉండేవాడు.

"ఆ ఆదివారం తాళం నేనే ఇచ్చానమ్మా," అన్నాడు ఎజ్రాగారు వెనకనుంచి. మెల్లగా అన్నాడు. "చర్చి నుంచి వస్తుంటే నువ్వొక్కదానివే గేటు దగ్గర నిలబడి ఉన్నావు. పోటీకి పంపాలి, చిన్న మార్పుంది అన్నావు."

ఇందుజకి అప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. శుక్రవారంనాడు యజమాని చెప్పాడు: పోటీలో వ్యక్తిగత విభాగమే ఉంది, ఒక్క పేరే ఉండాలి, ఎవరిదో మీరే తేల్చుకోండి. అంతే అన్నాడు. ఎవరి పేరూ తీయమనలేదు. సువర్ణ ఆ వారమంతా రాలేదు. ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేని ల్యాబ్‌లో, బయట వేపచెట్టు నీడ కిటికీ మీద ఆడుతుంటే, తన వేలు ఆ పేరును వెనకనుంచి ఒక్కో అక్షరం చెరిపింది. ఒక్క చుక్క కూడా మిగలకుండా చూసుకుంది.

"మీరెప్పుడూ అనలేదేమండీ?" అంది.

"ఏమనను? చూస్తే కదమ్మా. చిన్న మార్పన్నావు, నమ్మాను." ఆయన స్క్రూ డ్రైవరు డబ్బాలో పెట్టాడు. "కావాలంటే ఇప్పుడు కూడా పేరు చేర్చొచ్చు. ఫైలు లోపలికెళ్ళి అక్షరాలు మార్చే పద్ధతి ఉంది."

"వద్దండీ. తనని అడగకుండా ఇంకేమీ మార్చను," అంది ఇందుజ. "జంపర్లు ఎలా మార్చాలో ఒక కాగితం మీద గీసిస్తారా?"

తర్వాతి ఆదివారం ఇందుజ ఏలూరులో కైకలూరు బస్సెక్కింది. ఒళ్ళో మిషన్ క్యాబినెట్ పెట్టుకుంది, కీబోర్డు సంచీలో. కండక్టరు, ఏంటమ్మా అది అంటే, పాత కంప్యూటరండీ అంది. బాగుచేయించడానికా అన్నాడు. అవునంది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. ఏం చెప్పాలో ఆకివీడు వైపు తిరిగే మలుపు దాకా కూడబలుక్కుంది. ఆ తర్వాత మానేసింది.

సువర్ణ దుకాణం మెయిన్ రోడ్డు మీదే. ప్రార్థన అయి వచ్చి అప్పుడే తెరిచింది. లోపల మేత బస్తాల దొంతరలు, ఒక మూల అద్దాల బీరువా, దాని ముందు నీళ్ళ పరీక్ష సామాను. ఎవరో రైతు ఇచ్చి వెళ్ళిన చెరువు నీళ్ళని చిన్న సీసాలో పోసి, అందులో మందు చుక్కలు వేస్తూ లెక్కపెడుతోంది. ఇందుజని చూసి లెక్క ఆపలేదు.

"పద్నాలుగు, పదిహేను..."

ఇందుజ క్యాబినెట్ బస్తాల మీద పెట్టి అక్కడే నిలబడింది.

"పేరు తీసింది సార్ కాదు సువర్ణా. నేనే తీశాను. ఆదివారంనాడు, ఒక్కదాన్నే కూర్చుని. ఒక్క పేరే ఉండాలన్నారు. నిన్ను అడగడానికి మీ లంకకి రావచ్చు. వస్తే నీ పేరే ఉంచాలని తెలుసు. సగానికి పైగా నువ్వు రాసిందే. అందుకే రాలేదు. తర్వాత సార్ తీయించారని చెప్పుకుంటూ వచ్చాను. చెప్పి చెప్పి నేనే నమ్మేశాను."

సీసాలో నీళ్ళు రంగు మారాయి. సువర్ణ సీసా పైకెత్తి చూసి, కాగితం మీద అంకె వేసి, మూత పెట్టింది.

"ఆ వారం మా అమ్మకి టైఫాయిడ్," అంది. "పడవలో పడుకోబెట్టి తీసుకొచ్చాం ఆసుపత్రికి."

సీసా అద్దాల బీరువాలో పెట్టి ఇటు తిరిగింది.

"ఇన్నాళ్ళూ నేను ఏమనుకున్నానో తెలుసా నీకు? నా భాగం బాగోలేదేమో అనుకున్నాను. పక్షులు సరిగ్గా ఎగరడం లేదేమో, పెద్దవాళ్ళెవరో చూసి ఆ పిల్ల పేరు తీసెయ్యమన్నారేమో అని. తర్వాత ఇంక కంప్యూటర్ జోలికి పోలేదు. పిల్లలు కొనుక్కుంటే కూడా ముట్టుకోలేదు." గొంతు పెద్దది చేయలేదు. రైతుతో నీళ్ళ సంగతి చెప్పినట్టే చెప్పింది. "ఎర్రర్ 200 అని వచ్చినప్పుడు నాకు ముందు తోచింది అదే. నేనే ఏదో తప్పు రాసుంటానని."

"తప్పు రాసింది నువ్వు కాదు."

"చూద్దాం. తెచ్చావుగా."

దుకాణంలో సీసీ కెమెరాల బొమ్మలు చూసే మానిటర్ ఉంది. దాని తీగ విప్పి దీనికి తగిలించారు. ఆట మొదలైంది. ఒక్క పేరున్న తెర వచ్చింది. సువర్ణ ఎంటర్ కొట్టి దాటేసింది. ఎడమ గట్టున దోనె కనిపించింది. బాణం మీటలు నొక్కితే మెత్తగా కదిలింది. అంతలో పైనుంచి తెల్లటి గీత ఒకటి సర్రున వచ్చి వెళ్ళింది. తర్వాత ఇంకొకటి. అవి గూడబాతులని తెలిసే లోపే దోనెలో చేపలు ఒక్కటీ మిగల్లేదు. ఆట అయిపోయింది.

మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ అంతే.

"చూశావా," అంది సువర్ణ, మీటల మీంచి చేతులు తీసేస్తూ.

"ఆగు," అంది ఇందుజ.

కరెంటు తీసి, క్యాబినెట్ మూత విప్పి, ఎజ్రాగారు గీసిచ్చిన కాగితం బస్తా మీద పరిచింది. రెండు జంపర్లు మార్చాలి. ఒకటి బోర్డు వేగానిది, ఇంకొకటి దాన్ని ప్రాసెసర్ ఎన్ని రెట్లు చేసుకోవాలో చెప్పేది. పరీక్ష సామానులో ఉన్న సన్నటి పట్టకారు అడిగి తీసుకుంది. మొదటి టోపీ తేలిగ్గానే వచ్చింది. రెండోది జారి నేల మీద మేత గింజల్లో పడిపోయింది. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు. సువర్ణకి దొరికింది. చీర చెంగుతో తుడిచి ఇందుజ అరచేతిలో పెట్టింది.

మళ్ళీ మిషన్ వేస్తే తెర మీద మొదట వచ్చే అంకెల్లో డెబ్బై ఐదు అని కనిపించింది.

ఈసారి గూడబాతు తెర కుడి మూలనుంచి వచ్చింది. రెక్కలు రెండుసార్లు ఆడించింది, తర్వాత ఆడించకుండా గాల్లో తేలుతూ నీటి దగ్గరగా జారింది. దోనె మీదికి వచ్చేముందు మెడ వెనక్కి వంచింది. సువర్ణ స్పేస్ మీట నొక్కింది. పక్షి చెదిరి, బరువుగా పైకి లేచి, మళ్ళీ రెక్కలు కొట్టుకుంటూ పోయింది. దాని వెనక ఇంకో రెండు, ఒకదానికొకటి కాస్త ఎడంగా, సువర్ణ చిన్నప్పుడు లంకలో గుమ్మం ముందు కూర్చుని చూసినట్టే వచ్చాయి.

సువర్ణ దోనెని డెక్కలోకి పోనిచ్చేసింది. చేతులు మీటల మీదే ఉన్నాయి, కళ్ళు మాత్రం పైనే ఉన్నాయి.

"దిగేముందు రెక్కలు ఆపడం నువ్వు పెట్టావా? నేను మర్చేపోయాను," అంది ఇందుజ.

"పెట్టాను. పదకొండు బొమ్మలు గీశాను ఒక్కో పక్షికి. గళ్ళ కాగితం మీద." కొంచెంసేపటికి మళ్ళీ అంది. "బాగానే ఎగురుతున్నాయి."

"బాగా ఎగురుతున్నాయి."

ఆ రోజు కొల్లేరు దాటడానికి వాళ్ళకి ఏడు ప్రయత్నాలు పట్టింది. మధ్యలో ఇద్దరు రైతులు వచ్చి మేత తీసుకెళ్ళారు. ఒకాయన కాసేపు నిలబడి చూసి, డెక్క ఇంత లేదమ్మా ఇప్పుడు, అంతా చెరువులే కదా అని వెళ్ళిపోయాడు.

బస్సు వేళయింది. ఇందుజ క్యాబినెట్ మూత బిగించబోతే సువర్ణ అడ్డుపెట్టింది.

"ఇది ఇక్కడ ఉండనీ."

"సరే. పేరు చేర్చొచ్చంటున్నారు ఎజ్రాగారు. నువ్వు సరేనంటే..."

"వద్దు. అది అప్పటిది. అప్పుడెలా ఉందో అలాగే ఉండనీ. నాకు కోపం పోలేదు ఇందూ. పోయిందని నువ్వు అనుకుంటావేమో, అనుకోకు." రోడ్డు మీద లారీ ఒకటి ఐసు నీళ్ళు కార్చుకుంటూ వెళ్ళేదాకా ఆగింది. "వచ్చే ఆదివారం వస్తావా?"

"వస్తాను."

వచ్చింది. ఆ తర్వాత ఆదివారమూ వచ్చింది. ఎజ్రాగారు పాస్కల్ ఫ్లాపీలు తన పెట్టెల్లో వెతికి, బూజు లేనివి చూసి ఇచ్చాడు. పాత ప్రోగ్రాం కాగితం ఎలాగూ పోయింది కాబట్టి దాన్ని అతకడం కాకుండా, కొత్త ఆట రాద్దామని సువర్ణ అంది. ఏం ఆట అని ఇందుజ అడిగితే, దుకాణం బయట ఆగి ఉన్న ట్రాక్టర్లనీ రోడ్డవతల చెరువునీ చూపించింది. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది, రొయ్యలు పైకి తేలతాయి, అప్పుడే కరెంటు పోతుంది. ఏ చెరువులో ఏరేటర్ ముందు తిప్పాలి, ఎక్కడ జనరేటర్ పెట్టాలి, మేత ఎంత తగ్గించాలి. ఇందుజకి ఇందులో ఒక్క ముక్కా తెలీదు. నోట్సు రాసుకుంది.

ఈసారి సువర్ణ ఖాళీ లూపులు వాడలేదు. మిషన్ లోపల సెకనుకి పద్దెనిమిదిసార్లు కొట్టే గడియారం ఒకటుంది. ప్రతి కదలికనీ దానికి కట్టింది. డెబ్బై ఐదులో పెట్టినా నూట ముప్పై మూడులో పెట్టినా, ఎజ్రాగారి పెంటియం త్రీ మీద పెట్టినా రొయ్య ఒకే వేగంతో తేలాలి. ఆ భాగం కుదరడానికి క్రిస్మస్ దాటిపోయింది. పట్టిక వేసి లెక్క సరిచూసింది ఇందుజ. రెండు తప్పులు పట్టుకుంది, ఒకటి తనదే.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, నత్తగుళ్ళపాడు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన మేత బస్తాలు ట్రాక్టరులోకి ఎక్కుతున్నంతసేపూ కుర్చీలో కూర్చుని ఆట ఆడాడు. నాలుగు నిమిషాల్లో మూడు చెరువులూ పోగొట్టుకున్నాడు. మీట మీద వేలు అలాగే ఉంచి తల అడ్డంగా ఊపాడు.

"ఇదేం లెక్కండీ? గాలి తూర్పునుంచి తోలితే రొయ్య పడమటి గట్టుకి చేరుతుంది. మీరు నాలుగు పక్కలా తేలుస్తున్నారు."

సువర్ణ ఇందుజ వైపు చూసింది. ఇందుజ అప్పటికే నోట్సు తెరిచింది.

"గాలి ఏ నెలలో ఎటునుంచండీ? మెల్లగా చెప్పండి," అంది సువర్ణ, కుర్చీ దగ్గరకి లాక్కుంటూ.